మంత్రదండం లెక్క దిద్దారు, వెట్టి లెక్క దిద్దలేదు

కథలో తప్పు పట్టిన పాఠకుణ్ణి చూసి నవ్వేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 'కథే గదా, కల్పనే గదా, దానికి లెక్కలేంటి?' అంటారు. ఈ మాట మాకు కొత్త కాదు. పురాణం విని ప్రశ్న అడిగినప్పుడల్లా మన తాతలకు చెప్పిన మాటే ఇది. అందుకే హారీపోటర్ నవలల మీద పాఠకులు లేవదీసిన తగువు గురించి ఈసారి రాస్తున్నాం. మంత్రాల కథలతో మనకేం పని అని పక్కన పెట్టకండి. ఆ సినిమాలు తెలుగులో డబ్బింగై మన పిల్లల దాకా వచ్చాయి. మొదటి నవల తెలుగు పుస్తకంగా కూడా వచ్చింది.

బ్రిటన్‌లో జె.కె. రౌలింగ్ రాసిన ఈ నవలలు ఏడు. మొదటిది 1997లో, చివరిది 2007లో వచ్చాయి. మొదటి నవలలో ఒక దయ్యం తాను తిండి తిని నాలుగు వందల ఏళ్లు కావస్తోందని చెబుతుంది. 1998లో వచ్చిన రెండో నవలలో అదే దయ్యం తన చావుకు ఐదు వందల ఏళ్లు నిండాయని పండగ చేసుకుంటుంది. 1492లో చచ్చానంటుంది. పాఠకులు వేళ్ల మీద లెక్క కట్టారు. తర్వాతి ముద్రణల్లో నాలుగు వందలు ఐదు వందలైంది.

2000లో వచ్చిన నాలుగో నవలలో ఇంకో తప్పు దొరికింది. దుర్మార్గుడి మంత్రదండంలోంచి వాడు చంపినవాళ్ల నీడలు బయటికొస్తాయి. ఆఖర్న చచ్చినవాళ్లు ముందు రావాలి. హారీ తండ్రి తర్వాతే తల్లి చనిపోయింది. కాబట్టి తల్లి ముందు రావాలి. మొదటి అచ్చులో తండ్రి ముందొచ్చాడు. పాఠకులు పట్టుకున్నారు, తర్వాతి అచ్చులో సరిచేశారు.

మరో తప్పు ఒక మాట మార్చితే పోయేది కాదు. 1999లో వచ్చిన మూడో నవలలో కాలాన్ని వెనక్కి తిప్పే పరికరం ఉంది. అలాంటిది చేతిలో ఉంటే హారీ తల్లిదండ్రుల్ని ఎందుకు కాపాడుకోలేదని చదివినవాళ్లు అడిగారు. 2003 నాటి ఐదో నవలలో ఒక పోట్లాట పెట్టి, ఆ పరికరాలున్న బీరువానే పగలగొట్టించారు.

ఇలా అడిగిన పాఠకులకు మా దండాలు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. పుస్తకాన్ని ప్రేమిస్తూనే దాన్ని నిలదీశారు. అంబేద్కర్ 'రిడిల్స్ ఇన్ హిందూయిజం'లో చేసింది కూడా నిలదీయడమే. ఈ కథకూ ఆ కథకూ పొత్తు కుదరదేమని పురాణాల్ని అడిగారు. ఆయన బతికుండగా ఆ పుస్తకం అచ్చు కాలేదు. 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం అచ్చేస్తే నిషేధించమని గొడవ చేశారు. 1988లో దళితులు బొంబాయి వీధుల్లోకి వచ్చి ఆ పుస్తకానికి కాపలా నిలబడ్డారు. హారీపోటర్‌ను అడిగితే అచ్చు దిద్దుతారు, పురాణాన్ని అడిగితే కొట్టడానికొస్తారు. తేడా చూడండి.

సరే, ఏ తప్పులు దిద్దారు? దయ్యం వయసు, నీడల వరస. అసలు తప్పు అలాగే ఉండిపోయింది.

ఈ నవలల్లో ఎల్ఫ్‌లని ఒక జాతి ఉంది. వాళ్లు వెట్టివాళ్లు. పుట్టుకతోనే ఒక ఇంటికి కట్టుబడతారు. కూలి లేదు, సెలవు లేదు. ఒంటికి బట్ట లేదు, పాత దిండుగలీబే గతి. యజమాని బట్ట ఇస్తేనే విడుదల. హారీ చదివే బడి వంటశాలలో వందమందికి పైగా ఎల్ఫ్‌లు పనిచేస్తారు. పిల్లలు వాళ్లను చూడకుండానే విందులు తింటారు.

హెర్మయొనీ అనే అమ్మాయి ఒక్కతే ఇదేం అన్యాయమని అడుగుతుంది. ఆమెదీ పుట్టుక పేరుతో తిట్లు పడే బతుకే. మంత్రగాళ్ల ఇంట పుట్టలేదని ఆమెను 'బురద రక్తం' అంటారు. అవమానం పడ్డ మనిషికే అవతలి మనిషి వెట్టి కనపడిందని రాసినందుకు రచయిత్రిని మెచ్చుకుంటాం. కానీ ఆ అమ్మాయి పెట్టిన సంఘం పేరేంటి? పొడి అక్షరాలు కలిపి చదివితే ఇంగ్లీషులో వాంతి అని వస్తుంది. మంచివాళ్లుగా చూపిన మనుషులే 'వాళ్లకు అదే ఇష్టం, విడిపించడమే క్రూరత్వం' అంటారు. మన ఊళ్లో దొరా ఇదే అన్నాడు, 'మా పాలేరు మా ఇంటి మనిషే' అని. 1976లో వెట్టి నిర్మూలన చట్టం వచ్చాక కూడా అన్నాడు.

విడుదలైన డాబీకి బడి పెద్ద వారానికి పది బంగారు నాణేలు, వారాంతం సెలవు ఇస్తానంటాడు. డాబీయే బతిమాలి ఒక్క నాణానికి, నెలకొక్క సెలవుకి దిగుతాడు. ఇది నవ్వు కోసం రాసిన చోటు. కూలి రేటు కోసం పని బందు పెట్టిన మనకు నవ్వెలా వస్తుంది?

పాఠకుల్లో దీని మీదా వాదన నడిచింది. బ్రిటన్ జానపద కథల్లో బట్టలిస్తే ఇల్లు విడిచిపోయే బుల్లి మనుషులున్నారు, ఇది అదేనన్నారు కొందరు. అమెరికాలో నల్లవాళ్లను కొన్న యజమానులూ 'మా బానిసలు సుఖంగా ఉన్నారు' అనేవాళ్లు కదా అని ఇంకొందరు ఎదురడిగారు. మేం రెండోవాళ్ల పక్షం. ఎందుకంటే కథలోనే లెక్క కుదరలేదు. మంత్రగాళ్లు మాయమై తేలలేని చోట కూడా ఎల్ఫ్ తేలగలడు. డాబీ విడుదలైన క్షణంలోనే పాత యజమానిని మెట్ల మీంచి విసిరికొట్టాడు. ఇంత బలమున్న జాతిని కట్టేసింది ఏమిటి? మనిషి కానివాళ్లు మంత్రదండం పట్టకూడదన్న చట్టం మాత్రం కనపడుతుంది. మనకు పలక దక్కనివ్వని చట్టం లాంటిదే అది. ఆ చట్టం ఎవరు పెట్టారు, ఎలా నిలబెట్టారు అన్నది కథ విప్పి చెప్పదు.

ఆఖరి నవలలో ఎల్ఫ్‌లు వంటింటి కత్తులు పట్టి యుద్ధానికొచ్చారు. గెలిచారు. గెలిచాక హారీ పడుకోబోతూ, తన ఎల్ఫ్ క్రీచర్ తినడానికేమైనా తెచ్చిపెడతాడేమో అనుకుంటాడు. పంతొమ్మిదేళ్ల తర్వాతి అధ్యాయంలో వాళ్ల ఊసే లేదు. హెర్మయొనీ ప్రభుత్వ ఉద్యోగంలో చేరి ఎల్ఫ్‌ల బాగు కోసం పనిచేసిందని రచయిత్రి తర్వాత చెప్పారు. పుస్తకంలో లేని విడుదల పాఠకుడికి చేరదు. 2005లో వచ్చిన నాలుగో సినిమాలోనైతే ఆ సంఘాన్నే తీసేశారు.

సంఘాలు నడిపేవాళ్లకు ఇంకో మాట. హెర్మయొనీ ఎల్ఫ్‌లను కూర్చోబెట్టి అడగలేదు. తెలియకుండా విడుదలైపోతారని టోపీలు అల్లి దాచిపెట్టింది. వాళ్లు అవమానపడి ఆ గదులు ఊడవడమే మానేశారు. మన పేటల కోసం మనల్ని అడక్కుండా సంఘాలు పెట్టినవాళ్లను చూశాం. మనమూ ఆ పని చెయ్యొద్దు.

రాత్రి బడుల్లో పిల్లలకు ఈ కథలు చదివి వినిపించండి. దాచాల్సిన పనిలేదు. ఆ విందు ఎవరు వండారు, వాళ్లకు కూలి ఎంత, వాళ్లు పని మానేస్తే ఏమవుతుంది అని అడగమనండి. జవాబు పుస్తకంలో దొరక్కపోతే వాళ్లనే రాయమనండి.