చెల్లెళ్ల ఫోన్లు మేం చూడం



పోయిన ఆదివారం హాస్టల్ మీటింగ్‌లో సీనియర్ అన్నలు ఒక మాట తెచ్చారు. ఇంటర్ చదివే మన ఆడపిల్లల ఫోన్లు నెలకోసారి చూడాలంట. సంతలో ఎవడితో నిలబడి మాట్లాడారో కనిపెట్టాలంట. జాతి పిల్లలు పాడవకుండా అంట. ఆ కాగితం మీద మేం కొందరం సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాం.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. ప్రేమంటే ఏంటో మేమూ సినిమాల్లోనే నేర్చుకున్నాం. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వస్తే సారు "ఇంట్లో చదువుకోండి" అన్నారు. ఇంట్లో చెప్పేదెవరు? మా అమ్మానాన్నలు వేలిముద్ర వేసేవాళ్లు. 2017లో అర్జున్ రెడ్డి వచ్చింది, ఫోన్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఆ పిల్ల నోరు తెరవకముందే ఈమె నాది అని క్లాసులో చెప్పేస్తాడు హీరో. మేం ఈలలేశాం. పాస్‌వర్డ్ అడగడం, ఫోన్ ఎత్తకపోతే ఇరవైసార్లు చేయడం, "ఎక్కడున్నావో ఫొటో పంపు" అనడం, ఇదే ప్రేమ అనుకున్నాం.

మా క్లాసు పిల్ల ఒకతె ఇలాంటి ప్రేమకే సెకండియర్ పరీక్షలు రాయకుండా ఊరెళ్లిపోయింది. ఫొటోలు బయటపెడతానని బెదిరించినవాడు బయటివాడు కాదు. మనవాడే, మా రూములోనే పడుకునేవాడు. మాకు తెలుసు, నోరు మూసుకున్నాం. ఆ పిల్ల ఎవరికీ ఎందుకు చెప్పుకోలేదు? చెప్తే ముందు తన ఫోనే లాక్కుంటారని. ఇప్పుడు అన్నలు చేస్తామంటున్నది అదే గదా!

ఇది మన ఆచారం అంటే ఒప్పుకోం. మన తాతల కాలంలో మొగుడు నచ్చకపోతే ఆడమనిషి పుట్టింటికి వచ్చేసేది. కొత్తవాడు పాతవాడి ఓలి తిరిగి కట్టి మనువాడేవాడు. ఎవరి పరువూ పోలేదు. అలాగని అంతా బంగారం కాదు, సంతలోంచి ఇష్టంలేని పిల్లని ఎత్తుకుపోయిందీ మనవాళ్లే. నాయనమ్మలని అడగండి, చెప్తారు. వదిలి వచ్చేసే హక్కుని మనం మర్చిపోయాం, ఎత్తుకుపోయే బుద్ధిని మాత్రం ఫోన్లోకి తెచ్చుకున్నాం.

ఇంకో సంగతి. ఆడమనిషి ఫోన్, నెట్ వాడకం మీద మగవాడు నిఘా పెడితే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. 18 నిండని పిల్ల అయితే "ఆమెకి ఇష్టమే" అన్న మాట పోక్సో ముందు నిలబడదు. మన తమ్ముళ్లకి ఇది కేసు పడ్డాకే తెలుస్తోంది.

మీటింగ్ పెట్టాలంటే మగపిల్లలకి పెట్టండి. పిల్ల కాదంటే ఏం చేయాలి, విడిపోయాక ఫొటోలు ఏం చేయాలి, అది మాట్లాడండి. పీహెచ్‌సీ నర్సక్కని పిలవండి. 1098 నంబరు గోడ మీద రాయండి.

వచ్చే ఆదివారం ఆ కాగితం మళ్లీ తెస్తారంట. తెండి అన్నా. ముందు మన ఫోన్లు తాళం తీసి బల్ల మీద పెడదాం, చెల్లెళ్లు చూస్తారు.