అక్షరక్రమ స్పర్ధలును మన తెలుగును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఏటేట బాలబాలికలకు జాతీయ అక్షరక్రమ స్పర్ధ యొకటి జరుగుచున్నది. దానిని స్పెల్లింగ్ బీ యందురు. పదమును విని, దాని యక్షరములను వరుసగా జెప్పుటయే యందలి పరీక్ష. 1925వ సంవత్సరమున తొమ్మిది వార్తాపత్రికలు కలసి దీనిని ప్రారంభించెను. ఆ యేట గెలిచిన ఫ్రాంక్ న్యూహౌసర్ అను బాలుడు చెప్పిన కడపటి పదము గ్లాడియోలస్. అది యొక పూవు పేరు. యుద్ధము వలన 1943 మొదలు 1945 వరకును, మహమ్మారి వలన 2020లోను స్పర్ధ జరుగలేదు.

1985లో బాలు నటరాజన్ గెలిచినది మొదలు భారతీయ సంతతివారి కిందు ఆసక్తి హెచ్చెను. చిట్టూరి రత్నముగారు 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ 1993 నుండి ఇట్టి పోటీలు నడపి, మన దేశపు పేద విద్యార్థులకు వేతనము లొసగుచున్నది. తెలుగు బిడ్డలలో 2002లో ప్రత్యూష్ బుద్దిగ, 2012లో స్నిగ్ధ నందిపాటి, 2024లో బృహత్ సోమ విజేతలైరి. బృహత్ 90 సెకండ్లలో 29 పదములను సరిగా జెప్పెను.

ఇది వట్టి వల్లెవేత యని కొందఱందురు. అట్లనుట సరికాదు. పోటీచేయువారు పదము యొక్క అర్థమును, అది పుట్టిన భాషను అడిగి, యోచించి చెప్పుదురు.

పరభాషాపదములకై మన పిల్లలింత శ్రమపడుచుండ, ఇచట మన తెలుగు గతి యేమి? పలికినట్లే వ్రాయు భాషకు పరీక్ష యేల యని మన యుపేక్ష. కాని భాషను 'బాష' యనియు, విద్యార్థిని 'విద్యార్ధి' యనియు వ్రాయువారెందఱో! అర్థమనగా ప్రయోజనము, అర్ధమనగా సగము. ఒక్క యక్షరము తప్పిన విద్యను గోరువాడు సగము విద్యవాడగును.

కావున శ్రీకాకుళ విజయనగర మండలములందలి ప్రతి పాఠశాలయు ఏటేట ఆగస్టు 29వ తేదీని తెలుగు అక్షరక్రమ స్పర్ధ జరుపవలెనని నా మనవి. అది 1863లో శ్రీకాకుళము చెంత బర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారి జన్మదినము. ఆయన సవరల పలుకులను చెవియొగ్గి విని, 1938లో సవర నిఘంటువును వెలయించెను. చెవియు, చేయియు నేకమగుటయే యిట్టి స్పర్ధకు ప్రాణము.

అయితే ఒక్క తప్పునకే బిడ్డను వేదిక దింపవలదు. తప్పినవానిచే నిఘంటువు దెఱపించి, ఆ పదము తత్సమమో దేశ్యమో తెలిసికొననిండు. తలిదండ్రులారా, బహుమతి రాలేదని బిడ్డలను గద్దింపకుడు. ఆ దినమున నొక్క పదమును సరిగా నేర్చినను వారు గెలిచినట్లే.