కుర్చీ వేస్తే సరా?

నేనూ ఒకప్పుడు కంపెనీ డైరెక్టర్నే. నవ్వకండి! దగ్గరి బంధువు ఒకాయన చిన్న ప్రైవేటు కంపెనీ పెడుతూ నా పేరు రాసుకున్నారు. కాగితాలు ఇంటికే వచ్చేవి. "ఇక్కడ, ఇక్కడ పెట్టమ్మా" అంటే వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి పెట్టేసేదాన్ని. బోర్డు మీటింగు ఎక్కడ జరిగేదో, అసలు జరిగేదో లేదో నాకు తెలీదు.

యూరప్‌లో కంపెనీ చట్టాలు మారిన తీరు చదువుతుంటే ఆ సంతకాలే గుర్తొచ్చాయి.

2002లో నార్వే పబ్లిక్ కంపెనీల బోర్డుల్లో ఆడవాళ్లు నూటికి ఆరుగురే. పరిశ్రమల మంత్రి ఆన్స్‌గార్ గాబ్రియెల్సన్, కన్సర్వేటివ్ పార్టీ మనిషే, 40 శాతం ఉండాలన్నాడు. 2003లో చట్టం చేసి, 'మీ అంతట మీరే మారండి' అని చూశారు. కదల్లేదు. 2006 నుంచి తప్పనిసరి చేసి, రెండేళ్లలో దారికి రాకపోతే కంపెనీనే రద్దు చేస్తామన్నారు. అంతే, 2008కల్లా 40 శాతం వచ్చేసింది! "అర్హులైన ఆడవాళ్లు ఎక్కడున్నారండీ?" అన్నవాళ్లకే దొరికారు.

తర్వాత ఫ్రాన్సు 2011లో చట్టం చేసింది. జర్మనీ 2015లో, పెద్ద కంపెనీల పర్యవేక్షక బోర్డుల్లో 30 శాతం ఉండాలంది. ఆడమనిషి దొరకలేదంటే ఆ కుర్చీ ఖాళీగా ఉండాల్సిందే. మగవాణ్ణి కూర్చోబెట్టడానికి వీల్లేదు.

అన్నీ సవ్యంగా జరిగాయనను. నార్వేలో కొన్ని కంపెనీలు చట్టం తగలకుండా రిజిస్ట్రేషనే మార్చుకున్నాయి. నాలుగైదు బోర్డుల్లో ఉన్న ఆడవాళ్లని 'బంగారు స్కర్టులు' అని వెక్కిరించారు. అన్నేసి బోర్డుల్లో ఉన్న మగవాళ్లని 'బంగారు ప్యాంట్లు' అని ఎవరూ అన్నట్టు లేదు! బోర్డులు మారినా, కంపెనీని రోజూ నడిపే పెద్ద కుర్చీ మాత్రం ఎక్కువగా మగవాళ్ల దగ్గరే ఉండిపోయింది.

మన దేశంలోనూ 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల్లో ఒక్క మహిళైనా ఉండాలంది. చాలాచోట్ల ఆ ఒక్కరూ యజమాని ఇంటి మనిషే అయ్యారు. నాలాగే!

2012లో మొదలై పదేళ్లు నలిగి 2022లో యూరోపియన్ యూనియన్ చేసిన చట్టంలో నాకు నచ్చింది శాతాల లెక్క కాదు. డైరెక్టర్లను ఏ కొలతలతో ఎంచుతారో కంపెనీ ముందే చెప్పాలి. ఎంపిక కానివాళ్లు అడిగితే, ఎందుకు కాలేదో వివరాలివ్వాలి.

ఒకసారి నేను, "ఉంచి వెళ్లండి బాబాయిగారూ, చదివి రేపు పెడతాను" అన్నాను. కొన్నాళ్లకి నా చోట వాళ్లబ్బాయి వచ్చాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రాజీనామా కాగితం మాత్రం చదివే సంతకం పెట్టాను.

చట్టం మనకి కుర్చీ వేయగలదు. కాగితం చదవాల్సిందీ, 'ఎందుకు?' అని అడగాల్సిందీ మనమే. ఈసారి మీ ముందు కాగితం పెట్టి "ఇక్కడ" అని వేలు చూపిస్తే, ముందు కళ్లజోడు తెచ్చుకోండి.