సంచిలో ఇరవై నాలుగు రాళ్లు

వెయ్యేళ్ల కిందటి మాట. ఐస్‌లాండ్‌కు చెందిన ఎగిల్ అనే వీరుడు నార్వే, స్వీడన్‌ల మధ్య ఉన్న వెర్మ్‌లాండ్ అడవుల మీదుగా వెళ్తూ ఓ రైతు ఇంట్లో బస చేశాడు. ఆ ఇంట్లో ఎవరి ముఖంలోనూ కళ లేదు. రైతు కూతురు హెల్గా చాలాకాలంగా మంచం పట్టి ఉంది. రాత్రుళ్లు నిద్రపోదు, తనలో తాను ఉండదు. ఏమైనా చేయించారా అని ఎగిల్ అడిగాడు. దగ్గర్లోని ఓ రైతు కొడుకు ఏవో అక్షరాలు చెక్కి పెట్టాడనీ, అప్పట్నుంచీ జబ్బు మరీ ముదిరిందనీ తండ్రి చెప్పాడు.

ఎగిల్ ఆ పిల్లను పక్కకు తీయించి పడక వెతికాడు. పరుపు కింద తిమింగలం ఎముక ఒకటి దొరికింది. దాని మీద అక్షరాలున్నాయి. అతను వాటిని చదివి, గీకేసి, ఆ పొట్టునూ ఎముకనూ కూడా నిప్పుల్లో వేశాడు. దుప్పట్లు గాలికి ఆరబెట్టించాడు. తర్వాత తానే కొత్తగా అక్షరాలు చెక్కి తలగడ కింద పెట్టాడు. ఆ అమ్మాయి నిద్రలోంచి లేచినట్టు లేచింది. అసలు ఆ కుర్రవాడు ఆమె మనసు తనవైపు తిప్పుకోవడానికి అక్షరాలు చెక్కబోయాడట. సరిగ్గా రాక జబ్బు తెచ్చే అక్షరాలు చెక్కేశాడు. చదవడం రానివాడు చెక్కకూడదన్నది ఎగిల్ చెప్పిన బుద్ధి.

13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో రాసిన 'ఎగిల్స్ సాగా'లోని కథ ఇది. అందులోని అక్షరాల పేరు రూన్లు. ఇప్పుడు ప్రపంచమంతటా గుడ్డసంచుల్లో అమ్ముతున్న జోస్యపు రాళ్ల మీద ఉండేవీ అవే.

వాళ్ల ఓనమాలు

రూన్లు మొదట అక్షరాలు, ఆ తర్వాతే ఇంకేమైనా. నార్వే, స్వీడన్, డెన్మార్క్, జర్మనీ, ఇంగ్లండ్ ప్రాంతాల్లోని జర్మానిక్ జాతుల వాళ్లు రోమన్ లిపి రాకముందు వాటితోనే రాసుకునేవారు. పాత వరసలో 24 అక్షరాలు. మొదటి ఆరు అక్షరాల ధ్వనులు కలిపి ఆ వరసను 'ఫుథార్క్' అంటారు. 'ఓం నమః శివాయ'తో చదువు మొదలుపెట్టించి మనం అక్షరాలను 'ఓనమాలు' అన్నట్టే ఇదీ.

కర్ర మీద, ఎముక మీద, రాతి మీద కత్తితో చెక్కాలి కాబట్టి అన్నీ నిలువు, ఏటవాలు గీతలే. గుండ్రని వంపులు ఉండవు. డెన్మార్క్‌లోని విమోస్‌లో దొరికిన ఓ దువ్వెన మీది రూన్లు క్రీ.శ. 160 ప్రాంతానివి. నార్వేలో 2021లో బయటపడిన స్వింగెరూడ్ రాయి అంతకన్నా పాతది కావచ్చని పరిశోధకులు 2023లో ప్రకటించారు. వైకింగుల కాలానికి వచ్చేసరికి ఆ ప్రాంతంలో అక్షరాలు 16కు తగ్గిపోయాయి.

ఆ పదహారింటిలో రెండు ఇప్పటికీ అందరి చేతుల్లో తిరుగుతున్నాయి. సెల్‌ఫోన్‌లో కనిపించే బ్లూటూత్ గుర్తు 10వ శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరులోని మొదటి రెండు అక్షరాల కలయిక. 'హ' రూన్ మీద 'బ' రూన్ ఎక్కించి చేసిందది.

రాళ్లు తీసే పద్ధతి

జోస్యం చెప్పేవాళ్లు తెల్లటి గుడ్డ పరుస్తారు. అడగాల్సింది మనసులో అనుకోమంటారు. సంచిలో చెయ్యి పెట్టి చూడకుండా ఒక రాయి తీస్తే ఆ రోజుకు సలహా. మూడు తీస్తే జరిగింది, జరుగుతున్నది, జరగబోయేది. ఈ మూడింటికీ విధి దేవతలైన ఉర్ద్, వెర్దాంది, స్కుల్ద్ పేర్లు చెబుతారు. ఇంకొందరు తొమ్మిది రాళ్లు గుడ్డ మీద పారబోస్తారు. బొమ్మ పైకి కనిపించినవాటినే చదువుతారు. మధ్యలో పడినవి ముఖ్యమైనవి, అంచుకు పోయినవి అంత కానివి.

ప్రతి అక్షరానికీ ఒక పేరుంది, ఆ పేరుకో అర్థం ఉంది. జోస్యమంతా దాని మీదే నడుస్తుంది. 'ఫెహు' అంటే పశువులు, అంటే సంపద. ఈ మాటకూ సంస్కృతంలోని 'పశు'కూ మూలం ఒకటే. పాడి ఉన్నవాడే ఉన్నవాడన్న లెక్క అక్కడా ఇక్కడా ఒకటే అన్నమాట. 'రైదో' ప్రయాణం. 'గెబో' కానుక. 'హగలాజ్' వడగళ్లు. 'నౌథిజ్' లేమి. 'ఇసా' మంచుగడ్డ. 'యెరా' ఏడాది, చేతికొచ్చిన పంట. 'సోవిలో' సూర్యుడు. 'మన్నజ్' మనిషి. 'ఓథలా' తాతల నాటి ఆస్తి.

ఉద్యోగం మారాలా అని అడిగినవారికి మంచుగడ్డ వస్తే కొన్నాళ్లు కదలొద్దని చెబుతారు. పంట వస్తే వేసింది పండేదాకా ఓపిక పట్టమంటారు. రాయి తలకిందులుగా వస్తే అర్థం తిరగబడిందంటారు. వడగళ్లు వచ్చినవాళ్ల ముఖం మాత్రం చిన్నబోతుంది. ఇంటికి వెళ్లాక కూడా అదే గుర్తొస్తుంది. అందుకే ఈ అర్థాలు ఎవరు చెప్పారన్నది తెలుసుకోవాల్సిన సంగతి.

రోమన్ రాసిన సాక్ష్యం

ఈ పద్ధతికి పాత సాక్ష్యంగా అందరూ చూపేది రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌ను. క్రీ.శ. 98లో రాసిన 'జర్మేనియా'లో ఆయన జర్మానిక్ తెగల శకునాల గురించి చెప్పాడు. కాయలు కాసే చెట్టు కొమ్మను ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్క మీద ఒక్కో గుర్తు పెడతారు. తెల్లటి గుడ్డ మీద ఎలా పడితే అలా చల్లుతారు. ఊరి విషయమైతే పూజారి, ఇంటి విషయమైతే ఇంటి పెద్ద దేవుళ్లకు మొక్కి, ఆకాశం వైపు చూస్తూ ఒక్కొక్కటిగా మూడు ముక్కలు తీసి అర్థం చెబుతాడు.

ఇందులో ఇంకో మాట ఉంది. వద్దని వస్తే ఆ సంగతి గురించి ఆ రోజు మళ్లీ అడగకూడదు. సరేనని వచ్చినా ఇతర శకునాలతో సరిచూసుకోవాల్సిందే. నచ్చిన జవాబు వచ్చేదాకా రాళ్లు తీసే అలవాటుకు అక్కడ చోటు లేదు.

అయితే టాసిటస్ 'గుర్తులు' అన్నాడే కానీ 'రూన్లు' అనలేదు. అవి అక్షరాలో, వేరే గీతలో తేలలేదు. తాయెత్తుల మీద, బంగారు బిళ్లల మీద మంత్రంలాంటి మాటలు రూన్లలో చెక్కిన మాట నిజం. 'రూన్' అన్న పదానికే రహస్యం అన్న అర్థముంది. ఓడిన్ దేవుడు తొమ్మిది రాత్రులు చెట్టుకు వేలాడి ఈ అక్షరాలు సంపాదించాడని ఐస్‌లాండ్ పురాణ గీతాలు చెబుతాయి. కానీ రూన్లు పారబోసి భవిష్యత్తు చెప్పేవారని స్పష్టంగా చెప్పే పాత రాత లేదు.

ఒక అక్షరం, మూడు అర్థాలు

మరి రాళ్ల అర్థాలు ఎక్కడివి? ముఖ్యంగా మూడు పాటల నుంచి వచ్చాయి. పిల్లలు అక్షరమాల గుర్తుపెట్టుకునేలా ఒక్కో అక్షరానికీ ఒక్కో పద్యం కట్టిన పాటలవి. ఒకటి ఇంగ్లండ్‌ది, ఒకటి నార్వేది, ఒకటి ఐస్‌లాండ్‌ది. ఇంగ్లండ్ పాట ఉన్న రాతప్రతి 1731లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1705లో జార్జ్ హిక్స్ అనే పండితుడు దాన్ని అచ్చు వేయించి ఉంచాడు కాబట్టి దక్కింది.

ఈ మూడూ ఒకే మాట చెప్పవు. 'ఉ' అక్షరం పేరు ఇంగ్లండ్ పాటలో అడవి ఎద్దు. నార్వే పాటలో ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం. ఐస్‌లాండ్‌లో జల్లు వాన. 'క' అక్షరం ఇంగ్లండ్‌లో కాగడా, మిగతా రెండుచోట్లా పుండు. 'థ' అక్షరం ఒకచోట ముల్లు, మిగతాచోట్ల రాక్షసుడు.

సంచిలోంచి 'క' రాయి తీసినవారికి వెలుగు కనిపిస్తుందని చెప్పాలా, నొప్పి ఉందని చెప్పాలా? రెండింటికీ పాత ఆధారం ఉంది. ఏది చెప్పాలన్నది ఎదురుగా కూర్చున్న మనిషి ఇష్టం.

తలకిందుల అర్థం సంగతీ అంతే. పాత శాసనాల్లో రూన్లను ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకీ చెక్కారు. కొన్నిచోట్ల తలకిందులుగానూ చెక్కారు. అయినా ఆ అక్షరం అదే.

అర్థం మార్చినవాళ్లు

1902లో ఆస్ట్రియాకు చెందిన గీడో ఫాన్ లిస్ట్ అనే రచయిత కంటి శుక్లాలకు ఆపరేషన్ చేయించుకుని నెలల తరబడి కట్టుతో చీకట్లో గడిపాడు. ఆ సమయంలో రూన్ల రహస్యం తనకు తెలిసిందన్నాడు. 24 కాదు, 16 కాదు, తన లెక్క ప్రకారం 18 అన్నాడు. 1908లో పుస్తకం వేశాడు. పాత పాటల్లో సూర్యుడిగా ఉన్న అక్షరాన్ని 'జిగ్' అని పిలిచి, దానికి విజయం అని అర్థం పెట్టాడు.

దాదాపు పాతికేళ్లకు నాజీల ఎస్‌ఎస్ దళం ఆ అక్షరాన్నే రెండుసార్లు పక్కపక్కన వేసి తన గుర్తుగా పెట్టుకుంది. లక్షల మందిని చంపిన దళం చొక్కాల మీద, పంట పండించే సూర్యుడి అక్షరం ఎక్కింది. ఆ గుర్తును బహిరంగంగా ప్రదర్శించడం ఇప్పుడు జర్మనీలో నేరం. రూన్లంటే ప్రాణం పెట్టే చరిత్రకారులు కూడా వాటి గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి చెప్పకుండా ముందుకు పోలేరు.

ఆ తర్వాతి మార్పు ఎవరికీ హాని చేయనిదే. 1982లో అమెరికా రచయిత రాల్ఫ్ బ్లమ్ 'ద బుక్ ఆఫ్ రూన్స్' అనే పుస్తకం తెచ్చాడు. దాంతోపాటు రాళ్ల సంచీ కూడా ఇచ్చేవారు. బాగా అమ్ముడైంది. ఇవాళ లోకంలో కనిపించే రూన్ల జోస్యం చాలావరకు ఆ పుస్తకం వేసిన దారిలోనే నడుస్తోంది. అందులో అక్షరాల పాత వరస మారిపోయింది. ఏ గీతా లేని 25వ రాయి వచ్చి చేరింది. దానికి ఓడిన్ పేరు పెట్టి, విధి అని అర్థం చెప్పారు. రాయనిది అక్షరం ఎలా అవుతుందని పండితులు అడుగుతూనే ఉన్నారు. సంచులు అమ్ముడుపోతూనే ఉన్నాయి.

అలాగని రాళ్లు తీసేవాళ్లంతా మోసపోతున్నారని కాదు. తేల్చుకోలేని విషయం మీద కాసేపు నిదానంగా కూర్చుని ఆలోచించడానికి ఓ మంచుగడ్డో, ఓ పంటో సాయపడితే తప్పేముంది? వేల ఏళ్ల నాటి శాస్త్రమని చెప్పి భయపెట్టినప్పుడే, ఆ భయం పోగొట్టడానికి డబ్బు అడిగినప్పుడే తంటా. పరుపు కింద ఎముక పెట్టిన కుర్రవాడు కూడా ఆ పిల్ల చెడిపోవాలని కోరుకోలేదు. తనకు రానిదాన్ని వచ్చనుకున్నాడు, అంతే. వడగళ్లు వచ్చాయని బెంగపడేవాళ్లకు చెప్పాల్సింది ఇంకొకటుంది. అవి చివరికి నీళ్లే అవుతాయని ఇంగ్లండ్ పాట కూడా ఒప్పుకుంటుంది.

కర్రముక్కల మీద కబుర్లు

రూన్లు నిజంగా ఏం చెప్పేవో నార్వేలోని బెర్గెన్ పట్నం చూపించింది. 1955లో అక్కడి పాత రేవు బ్రిగెన్‌లో మంటలు చెలరేగి ఇళ్లు కాలిపోయాయి. ఆ నేలను తవ్వితే దాదాపు 670 రూన్ రాతలు బయటపడ్డాయి. చాలావరకు చిన్న చిన్న కర్రముక్కల మీద చెక్కినవి. సరుకు మూటలకు కట్టిన పేర్ల చీటీలు, వ్యాపారం ఉత్తరాలు, ప్రార్థనలు, ప్రేమ మాటలు, పనిలేక చెక్కిన అక్షరమాలలు.

వాటిలో ఎనిమిది వందల ఏళ్ల నాటి ఓ చిన్న కర్రముక్క అందరికీ ఇష్టమైంది. దాని మీద ఉన్న కబురు ఒకటే. గీదా అనే ఆవిడ ఇంటికి రమ్మంటోందని. ఎవరి కోసమో తెలియదు. ఎక్కడో స్నేహితులతో కూర్చుని పొద్దు మరిచిపోయిన మొగుడి కోసమని పండితులు నవ్వుతూ ఊహిస్తారు. అదే కర్ర మీద ఇంకో వరస గీతలు ఉన్నాయి. జవాబు కావచ్చు. కానీ ఎంత చూసినా ఆ రాత చదవడానికి రావడం లేదు.

అర్థం తెలిసిన వరసను పండితులు చదివి చెప్పారు. తెలియనిదాన్ని చదవకుండా అలాగే ఉంచారు. ఎగిల్ చెప్పిన బుద్ధి కూడా అదే.