దిద్దుబాటు మాది, పేరు మీది

మేం రాతకూలీలం. ఫ్రీలాన్సర్లన్నది ఈ మధ్య వచ్చిన పెద్ద పేరు. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరం లాంటి ఊళ్లలో ఏ పత్రికాఫీసు హాజరుపట్టీలోనూ లేకుండా, ఏ ప్రెస్సు జీతాల పుస్తకంలోనూ ఎక్కకుండా అక్షరాల మీద బతికేవాళ్లం. ప్రూఫులు దిద్దుతాం. రిటైరైన హెడ్మాస్టర్ల ఆత్మకథలు తిరగరాస్తాం. పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాల్లో తెగిపోయిన వాక్యాలు అతుకుతాం. సన్మానపత్రాలు, శుభలేఖలు, కరపత్రాలు, సావనీర్లు రాస్తాం. పాత నిఖానామాలూ వక్ఫు కాగితాలూ ఉర్దూ నుంచి తెలుగు చేస్తాం. అను ఫాంట్లలో కొట్టిన పాత పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఆ మార్పులో చెదిరిపోయిన ఒత్తుల్ని ఒక్కొక్కటే సరిచేస్తాం.

చదువు బీఏ. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. ఊరూరా విలేకరులు కావలసివచ్చారు. మాలో చాలామంది ఆ వాకిట్లోంచే ఈ పనిలోకి వచ్చాం. జీతం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి డబ్బులు. అచ్చు కాకపోతే తిరిగిన తిరుగుడంతా మా ఖాతాలోనే. ఆ తిరుగుడులోనే భాష నేర్చుకున్నాం. రైతు మాట, కరణీకం మాట, కోర్టు మాట, పురోహితుడి మాట అన్నీ విన్నాం, రాశాం.

ఇంతా చేస్తే మాకు దొరికే మెచ్చుకోలు ఒకటుంది. “సాయిబు గారూ, ముస్లిం అయినా మీ తెలుగు భలే ఉంటుందండీ!” గోదావరి మర్యాదలో ముంచి ఇచ్చే మాట ఇది. అనేవాళ్లకు దురుద్దేశం ఉండకపోవచ్చు. మాకు ‘సాయిబు’తో పేచీ లేదు, ‘ముస్లిం’తో పేచీ లేదు. పేచీ అంతా ఆ ‘అయినా’తో. తెలుగు మీ సొంతిల్లు, మేం అందులో అద్దెకున్నవాళ్లం, అయినా ఇల్లు శుభ్రంగా ఉంచుతున్నాం అన్నది దాని అర్థం.

పిఠాపురంలో ఉమర్ అలీషా (1885–1945) పుట్టిన నేల ఇది. అవధానులూ ఆస్థాన కవులూ తిరిగిన ఊళ్లో పద్యాలు రాశాడు, నాటకాలు రాశాడు, ఉమర్ ఖయ్యామ్‌ను పారశీకం నుంచి తెలుగు పద్యంలోకి తెచ్చాడు. కేంద్ర శాసనసభలో సభ్యుడిగా కూర్చున్నాడు. ఆయన్ను తలచుకునేటప్పుడు కూడా ముందు ‘ముస్లిం అయినా’ అన్నాకే పద్యం దగ్గరికి వెళ్తారు. చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తెలుగు చేశారు. ఆయన శ్రమకు మేం సలాం చేస్తాం. కానీ లెక్క చూడండి. ఆయన చేస్తే విశాల హృదయం, మేం చేస్తే వింత. 2010లో సయ్యద్ నశీర్ అహమ్మద్ ‘అక్షరశిల్పులు’లో తెలుగులో రాసే ముస్లిం కవులూ రచయితలూ మూడు వందలమందికి పైగా వివరాలు గుదిగుచ్చారు. ఒక్కడైతే వింత అనుకోవచ్చు. మూడు వందలమంది ఎలా వింత అవుతారు?

ఈ ‘అయినా’ మెచ్చుకోలు దగ్గర ఆగితే మేం నవ్వి ఊరుకుందుం. అది కూలి దగ్గరికొస్తుంది, పేరు దగ్గరికొస్తుంది.

2003 పుష్కరాలకూ 2015 పుష్కరాలకూ గోదావరి మీద వచ్చిన ప్రత్యేక సంచికలు కొన్ని మా చేతుల మీదుగా వెళ్లాయి. స్నానసంకల్పంలో దీర్ఘం తప్పితే దిద్దాం. స్థలపురాణంలో సమాసం చెడితే బాగుచేశాం. నన్నయ మీది వ్యాసంలో శతాబ్దం తప్పుపడితే సరిచేశాం. పుస్తకం వచ్చాక లోపలి అట్ట చూస్తే ప్రకటనలు తెచ్చినవాళ్ల పేర్లున్నాయి, ఫొటోలిచ్చినవాళ్ల పేర్లున్నాయి, ఆశీస్సులు పంపినవాళ్ల పేర్లున్నాయి. దిద్దినవాడి పేరు లేదు. అడిగితే, “మాకు పట్టింపు లేదండీ, పుష్కర సంచికలో సాయిబు పేరుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారో అని...” పట్టింపు లేనివాళ్లే పేరు తీసేస్తే, ఉన్నవాళ్లు ఏం చేస్తారు?

అదే రంజాన్ నెల రానివ్వండి, మా పేర్లు అందరికీ గుర్తొస్తాయి. హలీం మీద, షీర్‌ఖుర్మా మీద, పీర్ల పండుగ సామరస్యం మీద నాలుగు వందల మాటలు కావాలి. వాటికి పేరు తప్పనిసరి, టోపీ పెట్టుకున్న ఫొటో ఉంటే మరీ మంచిది. ధవళేశ్వరం కాలువల మీద రాస్తామన్నా, కొబ్బరి ధర మీద రాస్తామన్నా, కొల్లేరు మీద రాస్తామన్నా “అవి వేరేవాళ్లు చూస్తున్నారు.” 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెంచుకుని వచ్చినప్పుడు నీళ్లు మతం అడిగి రాలేదు. ఎక్కడో బాంబు పేలితే మాత్రం దొరికిన ఉర్దూ కాగితం చదివిపెట్టమని మాకే కబురు. ఆ గదిలో మేం తర్జుమాదారులమో అనుమానితులమో మాకే తెలియదు.

ఈ వృత్తి పనిముట్ల పేర్లు ఒకసారి చూడండి. కలం మాదే. కాగితం ఆ దారినే వచ్చింది. ముసాయిదా, నకలు, తర్జుమా, రశీదు, బాకీ – అన్నీ అరబ్బీ పారశీకాల నుంచి కచేరీల మీదుగా నడిచొచ్చి తెలుగులో కాపురం పెట్టిన మాటలే. రాజమండ్రిలోనూ ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర ఇలాంటి అన్యదేశ్యాలకు 1854లో ఒక మిశ్రభాషా నిఘంటువే వేశాడు. అవి లేకుండా జిల్లాలో తెలుగు నడవదని ఆ పరాయివాడికి అర్థమైంది. ఇంకో మాట చూడండి. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే ఫిర్యాదు చేసినవాడు, న్యాయం అడిగినవాడు. ఆ మాటే తెలుగుకొచ్చేసరికి ‘ముద్దాయి’ అయింది, నేరం మోపబడినవాడయ్యాడు. కూలి అడిగిన ప్రతిసారీ మాకు జరిగేది సరిగ్గా ఇదే. అడిగేవాళ్లం మేం, బోనులో నిలబడేదీ మేమే. “మీవాళ్లకు ఇంత కోపమేమిటండీ” అంటారు.

చట్టం చూద్దాం. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రూఫ్‌రీడరును కూడా జర్నలిస్టుల జాబితాలో చేర్చింది. కానీ పత్రికలో ఉద్యోగిగా ఉంటేనే. 2020లో కార్మిక చట్టాలను కుదించి కోడ్‌లు చేసినప్పుడు ఆ చట్టాన్నీ అందులో కలిపేశారు. ఇల్లే ఆఫీసైన మాలాంటివాళ్లు అప్పుడూ గుమ్మం బయటే. అయితే 1957 నాటి కాపీరైట్ చట్టం వేరే మాట చెబుతుంది. ఉద్యోగంలో లేకుండా చేసిన అనువాదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు అనువాదకుడే. హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఉండాలి. హక్కులు అమ్ముకున్నా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు 57వ సెక్షను కింద మిగిలే ఉంటుంది. కవరులో పెట్టిన నోట్లు చేతిలో పెట్టి మా తర్జుమాకు తమ పేరు వేసుకునే పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలి. మాలోనూ ఎంతమందికి తెలుసు?

పరాయివాళ్లనే అని ఊరుకోవడం మాకు చేతకాదు. మన జమాతు సంగతీ చెప్పుకోవాలి. జల్సా పెడతారు. షామియానావాడికి కిరాయి, మైకువాడికి కిరాయి, దేగ్ ఎక్కించిన బావర్చీకి కూలి. మౌలానా సాహెబు ప్రసంగాన్ని రాత్రంతా కూర్చుని తెలుగు చేసినవాడికి మాత్రం “సవాబు దొరుకుతుంది భాయ్.” కూలి జాప్యం చేయొద్దని చెప్పే హదీసును తెలుగు చేసినా అంతే! సవాబు ఇచ్చేది అల్లా. కూలి ఇవ్వాల్సింది కమిటీ. రెండూ ఒక ఖాతాలో రాయకండి. ఇక హైదరాబాదు ఉర్దూ దొరలకు మా ఉర్దూ ‘ఆంధ్రా ఉర్దూ’, నవ్వులాట. ఇక్కడ తెలుగుకు ‘అయినా’, అక్కడ ఉర్దూకు ‘అయినా’. రెండు భాషలు మోసేవాడికి రెండు కూలీలు రావాలి. మాకు రెండు ఎగతాళ్లు వచ్చాయి.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. 1998లో ‘జల్‌జలా’ వచ్చింది. ఆ కవిత్వం మాకు గొంతునిచ్చింది. ఈ దేశంలో మా మీద పడే అనుమానపు చూపును అది నిలబెట్టి అడిగింది. ఇప్పుడు ఆ గొంతుతోనే పేజీ రేటు కూడా అడగాలంటున్నాం. అస్తిత్వం పద్యంలోనే లేదు. బిల్లులో ఉంది, లోపలి అట్ట మీది చిన్నక్షరాల్లో ఉంది. సభలో ముస్లిం కవిని శాలువా కప్పి కూర్చోబెట్టి, ప్రెస్సులో ముస్లిం ప్రూఫ్‌రీడరు పేరు తీసేసే లౌకికవాదం మాకు అక్కర్లేదు. లౌకిక మిత్రులారా, మీ పుస్తకాల లోపలి అట్టలు మీరే ఒకసారి తిప్పి చూసుకోండి.

మేం అడిగేవి పెద్ద కోరికలు కావు. పని ఒప్పుకునే రోజే పేజీకింతని కాగితం మీద రాయండి. సగం ముందివ్వండి, మిగతాది ప్రూఫులు అప్పగించిన రోజున ఇవ్వండి. పుస్తకం అమ్ముడుపోయాకో, స్పాన్సరు డబ్బులిచ్చాకో కాదు. అనువదించినవాడి పేరు అట్ట మీద, దిద్దినవాడి పేరు లోపల వేయండి. రంజానుకు పిలిచినట్టే వరదకూ వరికీ ఎన్నికలకూ పిలవండి. మా పని బాగాలేకపోతే బాగాలేదనండి, పడతాం. ఎర్ర సిరాతో దిద్దండి, నేర్చుకుంటాం. బాగుంటే బాగుందనండి, మధ్యలో ‘అయినా’ పెట్టకండి.

2027లో మళ్లీ పుష్కరాలు. మళ్లీ సంచికలు, మళ్లీ ప్రూఫుల కట్టలు. ఆ పని మాకు వచ్చు, చేస్తాం కూడా. రేటు రాసిన కాగితమూ, పేరు వేస్తామన్న మాటా కట్టతోపాటే పంపండి. అవి రాని కట్టలు విప్పకుండానే తిప్పి పంపాలని మాలో మేం అనుకున్నాం.