ముందు చట్టము, పిదప సంహారము

రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనీయందలి నాజీ ప్రభుత్వమువారును, వారి సహాయకులును ఐరోపాఖండములోని యూదులను దాదాపు 60 లక్షలమందిని వధించిరి. యుద్ధము ముగిసి 80 సంవత్సరములు గడచినను విద్వాంసులు ఈ జాతిసంహారమును పరిశోధించుట మానలేదు. “దూరదేశపు కథ మనకేల? 1943 నాటి వంగదేశపు కరవులో మనవారు లక్షలకొలది మడసిన దుఃఖము చాలదా?” యని ప్రశ్నించువారు గలరు. ఒక దుఃఖమును తలచుట మరియొక దుఃఖమును మరచుట కాదు. అదియునుగాక, ఈ చరిత్రను చదువుట కేవలము మృతులకై కన్నీరు విడుచుటకు కాదు. నాగరకమని పేరొందిన రాజ్యమొకటి తన ప్రజలనే ఏయే మెట్లమీదుగా వధ్యశాలకు నడిపించెనో తెలిసికొనుటకు. ఆ మెట్లలో తొలివి కత్తులు గావు, కాగితములు.

1933 జనవరి 30న హిట్లరు ఛాన్సలరు పదవి నధిష్ఠించెను. ఏప్రిలు 1న యూదుల అంగళ్ళను బహిష్కరింపజేసిరి. 7వ తేదీ చట్టముచే యూదులగు ఉద్యోగులను కొలువులనుండి తొలగించిరి. 1935 సెప్టెంబరులో నూరెంబర్గు చట్టములు వెలువడినవి. అవి యూదులకు పౌరహక్కులు లేకుండజేసి, ఇతర జర్మనులతో వారి వివాహములను నిషేధించెను. యూదుడెవడో నిర్ణయించుటకు వాని నమ్మకముగాక, వాని తాతల, అవ్వల మతము ప్రమాణమయ్యెను. అప్పటికి విషవాయుశాల యొక్కటియు కట్టబడలేదు. చట్టము చేసిన పని గనుక పెక్కుమంది పొరుగువారు చూచుచు నూరకుండిరి.

భూమియు, గృహమును, వర్తకమును గల మన పాఠకులు ప్రత్యేకముగా గమనింపదగిన భాగమొకటి కలదు. 5,000 మార్కులకు మించిన ఆస్తిగల ప్రతి యూదుడును దాని జాబితాను ప్రభుత్వమునకు దాఖలు చేయవలెనని 1938 ఏప్రిలులో ఉత్తరువు వచ్చెను. ఆ యేడే నవంబరు 9, 10 తేదీలలో వందలకొలది యూద ప్రార్థనాలయములు తగులబెట్టబడెను. అంగళ్ళు కొల్లపోయెను. సుమారు 30,000 మంది పురుషులు నిర్బంధశిబిరములకు పంపబడిరి. నష్టపడినవారిమీదనే నూరు కోట్ల మార్కుల జుల్మానా విధింపబడెను. ఏప్రిలులో వ్రాయించిన జాబితాయే దాని వసూలునకు ఆధారమయ్యెను. తుదకు, ఎల్ల దాటి పరదేశమున నివసించు యూదునకు దేశీయతయు, ఆస్తియు నొక్కసారిగా పోవునని 1941 నవంబరు 25న ఉత్తరువు చేసిరి. వారిని బలవంతముగా రైలెక్కించి ఎల్ల దాటించుచున్నది ఆ ప్రభుత్వమే! పౌరుడు గానివానిని పెట్టెలోని దస్తావేజు రక్షింపజాలదు.

1941 జూనులో జర్మనీ రష్యాపై దండెత్తిన పిమ్మట సామూహికవధలు మొదలయ్యెను. కీవు నగరము చెంతనున్న బాబీయార్ లోయలో సెప్టెంబరు 29, 30 తేదీలలో 33,771 మందిని కాల్చిచంపినట్లు హంతకులే లెక్క వ్రాసికొనిరి. 1942 జనవరి 20న బెర్లినులోని వాన్సీ సరస్సు తీరమున 15 మంది అధికారులు కూడి, ఈ ఘోరకార్యము ప్రభుత్వశాఖలన్నిటి సహకారముతో సాగు విధమును చర్చించిరి. వారిలో సగమునకు పైగా డాక్టరు పట్టము నందినవారు. రైల్వేవారు ఈ ప్రయాణములకు తలకింతయని చార్జీ లెక్కగట్టిరి. పదేండ్లలోపు పిల్లలకు సగము చార్జీ, నాలుగేండ్లలోపు వారికి ఉచితము! ఆష్విట్జు శిబిరమున చంపబడిన సుమారు 11 లక్షలమందిలో దాదాపు 10 లక్షలమంది యూదులు. రోమాజాతివారును, వికలాంగులును సైతము నాజీలచే లక్షలకొలది హతులైరి. పట్టములున్నంతమాత్రమున ధర్మబుద్ధి యుండదనుటకు ఇంతకుమించిన దృష్టాంతము వలదు.

ఐనను ఇది విధిలిఖితము కాదు. డెన్మార్కు చిన్న దేశము, అప్పటికి జర్మను సేనల యాక్రమణలో నున్నది. అచ్చటి ప్రజలు 1943 అక్టోబరులో 7,000 మందికి పైగా యూదులను పడవలమీద స్వీడనుకు దాటించిరి. పొరుగువానిని పరాయివానిగా నెంచుటకు వారు సమ్మతింపలేదు. వార్సా నగరపు యూదవాడలో బంధింపబడిన ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లమ్ అను చరిత్రకారుడు తోడివారితో గలసి దినచర్యలు, ఉత్తరములు, రేషను చీట్లు పోగుచేసెను. వానిని రేకుపెట్టెలలోను, పాల క్యానులలోను పెట్టి పూడ్చిరి. 1944లో ఆయన హతుడయ్యెను. 1946లోను, 1950లోను ఆ భాండారపు రెండు భాగములు బయల్పడెను. ఈ చరిత్రను చదువుడని లోకమును మొదట కోరినవారు ఆ మృతులే.

మేము జాతీయవాదులము. కనుకనే ఈ విషయమున మా బాధ్యత అధికము. మన దేశమున హిట్లరు గ్రంథము నేటికిని అంగళ్ళలో అమ్ముడగుచున్నది. బ్రిటిషువారితో పోరాడినవాడు గనుక మనకు మిత్రుడనియు, క్రమశిక్షణ నేర్పినవాడనియు అతని మెచ్చుకొనువారు గలరు. భారతదేశము ఇతరుల చేతిలో నుండుటకంటె ఆంగ్లేయుల యేలుబడిలో నుండుటయే తనకిష్టమని ఆ గ్రంథముననే యతడు వ్రాసినది వారు చదివినట్లు లేదు! స్వదేశమును ప్రేమించుట వేరు. స్వదేశీయులలో నొక తెగను వేరుచేసి పరాయివారని చాటుట వేరు. మొదటిది మనకు స్వరాజ్యమును దెచ్చినది. రెండవది లక్షలమంది అమాయకులతోపాటు జర్మనీ నగరములను గూడ బూడిద గావించినది.

1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి జాతిసంహారమును మహాపరాధముగా నిర్ణయించు ఒడంబడికను ఆమోదించెను. భారతదేశము 1959లో దానిని ధ్రువీకరించెను. కాని తొలిమెట్టును గుర్తించి అడ్డుపడుట ఒడంబడికలవలన మాత్రమే కాదు, ప్రజలవలన కావలయును. మన పాఠశాలలలో ఈ చరిత్రను మృతుల సంఖ్యగా గాక, చట్టముల వరుసగా బోధింపవలయునని మా యభిప్రాయము. ఏ శాసనమైనను, ఏ జాబితాయైనను ఎదుటికి వచ్చినపుడు, “ఇది మనుష్యుని చేతనుబట్టియా, పుట్టుకనుబట్టియా?” యని పౌరుడు ప్రశ్నింపగలుగుటయే ఈ చదువునకు ఫలము. ఆ ప్రశ్నను 1933లోనే తగినంతమంది జర్మనులు అడుగకపోయిరి.