ఇల్లు చౌక... దారి ఖరీదు!

పట్నం అద్దెల నుంచి పెనుగొండ వైపు చూపు
లెక్క కుదిరేది ఎవరికి? తప్పేది ఎక్కడ?

పెనుగొండ: పిల్లల చదువుల కోసం, కొలువుల కోసం ఊరు విడిచి పట్నం చేరడం గోదావరి డెల్టాకు కొత్త కాదు. పొలం కౌలుకిచ్చి, ఇంటికి తాళం వేసి రాజమహేంద్రవరం, విశాఖపట్నం, హైదరాబాద్‌ వెళ్లిపోయిన కుటుంబాలు లేని వీధి ఈ ప్రాంతంలో కానరాదు. ఇప్పుడు అదే కుటుంబాల ముందు ఎదురు ప్రశ్న నిలిచింది. కొలువు పట్నంలోనే ఉంచుకుని కాపురాన్ని మాత్రం ఊరికి మార్చుకుంటే ఎలా ఉంటుంది? అద్దె మిగులుతుంది, సొంత గూడు అమరుతుంది, పెద్దవాళ్లు దగ్గరవుతారు. వినడానికి ఇంపుగా ఉన్న ఈ ఆలోచన కాగితంపై లెక్క వేస్తే మాత్రం అందరికీ ఒకేలా తేలడం లేదు.

నాలుగు పట్టణాల నడుమ

వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రంగా దేశమంతటా పేరున్న పెనుగొండకు భౌగోళికంగానూ ఒక అనుకూలత ఉంది. తణుకు, పాలకొల్లు పట్టణాలు రెండూ ఇరవై కిలోమీటర్ల లోపే. భీమవరం కాస్త దూరం. రాజమహేంద్రవరం సుమారు యాభై కిలోమీటర్లు. మండలంలోని సిద్ధాంతం వద్ద వశిష్ఠ గోదావరిపై వంతెన దాటితే రావులపాలెం మీదుగా కోనసీమకు, రాజమహేంద్రవరానికి జాతీయ రహదారి అందుబాటులో ఉంది.

రెండు పరిణామాలు ఈ అనుకూలతను పెంచాయి. మొదటిది, 2022 ఏప్రిల్‌ 4న జరిగిన జిల్లాల పునర్విభజన. అంతకుముందు కలెక్టరేట్‌ పని పడితే సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని ఏలూరు వెళ్లవలసి వచ్చేది. పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం భీమవరానికి మారడంతో ఆ దూరం సగానికి పైగా తగ్గింది. జిల్లా కార్యాలయాల ఉద్యోగులకు పెనుగొండ రోజూ వెళ్లి రాగల ఊరుగా మారింది. రెండోది రహదారి. గుండుగొలను నుంచి దేవరపల్లి, కొవ్వూరు మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి విస్తరణతో దూర ప్రాంతాల లారీలకు మరో దారి దొరికింది. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా సాగే పాత మార్గం ఇప్పుడు 216ఎ జాతీయ రహదారిగా ఉంది.

లోటు కూడా చెప్పుకోవాలి. పెనుగొండకు రైలు లేదు. రైలెక్కాలంటే తణుకో పాలకొల్లో చేరాలి. నిడదవోలు, భీమవరం, విజయవాడ మార్గంలో రెండో లైను, విద్యుదీకరణ పూర్తయిన తరువాత ఆ సౌకర్యం విలువ పెరిగింది. అయితే ఇంటి నుంచి స్టేషనుకు చేరే పదిహేను కిలోమీటర్ల ప్రయాణమే ఆ లాభంలో కొంత తినేస్తోంది.

కిస్తీలో మిగిలింది.. పెట్రోలులో పోయింది

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. రాజమహేంద్రవరంలో ఇల్లు కొనడానికి ఒక కుటుంబం 30 లక్షల రుణం తీసుకోవలసి ఉందనుకుందాం. అదే సౌకర్యంతో పెనుగొండలో 15 లక్షల రుణంతో సరిపోతుందనుకుందాం. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అయితే నెలవారీ కిస్తీ మొదటి దానికి సుమారు 26 వేలు, రెండో దానికి సుమారు 13 వేలు. అంటే నెలకు 13 వేల రూపాయల మిగులు.

ఇప్పుడు దారి లెక్క. రాజమహేంద్రవరానికి రానూపోనూ వంద కిలోమీటర్లు. నెలకు పాతిక పనిదినాలు అంటే 2,500 కిలోమీటర్లు. లీటరుకు యాభై కిలోమీటర్లు నడిచే మోటారు సైకిలుకు యాభై లీటర్ల పెట్రోలు. లీటరు 110 రూపాయల లెక్కన 5,500 రూపాయలు. మిగులు 7,500కు దిగింది. భార్యాభర్తలిద్దరూ వేర్వేరు వేళల్లో, వేర్వేరు బండ్లపై వెళ్లవలసి వస్తే మరో 5,500 పోయి చేతికి మిగిలేది రెండు వేలే. టైర్లు, సర్వీసింగు, వానాకాలంలో తప్పనిసరయ్యే ఆటో ఖర్చు కలిపితే అదీ మిగలదు.

అదే కొలువు తణుకులో ఉంటే లెక్క తిరగబడుతుంది. రానూపోనూ ముప్ఫై కిలోమీటర్లుగా చూస్తే నెలకు పదిహేను లీటర్లు, 1,650 రూపాయలు. ఇద్దరూ వెళ్లినా 3,300. కిస్తీలో కలిసివచ్చిన మొత్తంలో సింహభాగం ఇంట్లోనే ఉంటుంది. ఆంధ్రా షుగర్స్‌ వంటి పరిశ్రమలు, వ్యాపార సంస్థలు ఉన్న తణుకులో పనిచేసేవారికి పెనుగొండ కాపురం నిజంగా చౌక. రాజమహేంద్రవరం ఉద్యోగికి అది ఒక్కరి ప్రయాణం వరకే లాభసాటి.

డబ్బు కాక కాలం సంగతి వేరు. ఒక్కో వైపు గంటన్నర చొప్పున నెలకు 75 గంటలు రోడ్డుపైనే గడుస్తాయి. ఎనిమిది గంటల పనిదినాలుగా లెక్కిస్తే తొమ్మిది రోజులకు పైమాటే. పిల్లల చదువు చూసే వేళ, పెద్దల మందుల వేళ కరిగిపోయేది ఈ గంటల్లోనే.

బస్సు ఉచితమే.. ఆఖరి బస్సు ఏ వేళకు?

ఈ లెక్కను కొంతవరకు మార్చింది 2025 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన స్త్రీశక్తి పథకం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ సహా ఐదు రకాల ఆర్టీసీ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు, బాలికలకు, ట్రాన్స్‌జెండర్లకు ప్రయాణం ఉచితం. కళాశాలకు వెళ్లే కుమార్తె, ఆసుపత్రిలోనో దుకాణంలోనో పనిచేసే గృహిణి ఉన్న కుటుంబానికి ఇది నెలకు వేల రూపాయల ఊరట. పై ఉదాహరణలో రెండో బండి పెట్రోలు ఖర్చు మొత్తంగా తప్పిపోవచ్చు.

అయితే టికెట్‌ లేకపోవడం వేరు, బస్సు ఉండడం వేరు. దుకాణాలు, నర్సింగు హోములు, కోచింగు కేంద్రాలు రాత్రి ఎనిమిది, తొమ్మిది వరకు నడుస్తాయి. ఆ వేళకు జాతీయ రహదారిపై సిద్ధాంతం కూడలి దాకా బస్సు దొరికినా, అక్కడి నుంచి ఊళ్లోకి చేరడం ఎలా అన్నదే అసలు ప్రశ్న. జవాబు దొరకని ఇళ్లలో ముందుగా కొలువు మానుకునేది ఆడవారే. కాపురం మార్చడం వల్ల ఒక జీతం ఆగిపోతే, కిస్తీలో మిగిలిన 13 వేలకు అర్థం ఉండదు. ఇల్లు చూసేందుకు పగటిపూట వచ్చిన కుటుంబం, కొనే ముందు ఒకసారి రాత్రి ఆఖరి బస్సుకు కూడా వచ్చి చూడాలన్నది ఇందుకే.

చేను ప్లాటయితే..

డెల్టాలో ఖాళీ స్థలమంటే చాలావరకు నిన్నటి వరిచేనే. సర్‌ ఆర్థర్‌ కాటన్‌ పర్యవేక్షణలో 1847-52 నడుమ ధవళేశ్వరం వద్ద ఆనకట్ట వెలిసింది మొదలు ఈ నేల నీటిని పట్టి ఉంచేందుకే అలవాటు పడింది. దానిపై ఇల్లు కట్టాలంటే ముందుగా మెరక చేయించాలి. రోడ్డు మట్టం కంటే రెండు మూడడుగుల పల్లంలో ఉన్న ఐదు సెంట్ల స్థలం, అంటే 242 గజాలు, పైకి తేవడానికి పట్టే మట్టి ట్రాక్టర్ల లెక్కలో తక్కువేమీ కాదు. నల్లరేగడి కావడంతో పునాదుల ఖర్చూ ఎక్కువే. బేరమాడేటప్పుడు సెంటు ధర ఒక్కటే చూసి, మెరకను మరచినవారు తరువాత చింతిస్తున్నారు.

ఇక్కడ మరో చిక్కు ఉంది. లేఅవుట్‌ వేసేవారు పంట బోదెలు, మురుగు బోదెలు పూడ్చి రోడ్లు తీస్తే పక్క రైతు చేను మునుగుతుంది. ఆ తరువాత వానలకు కొత్త కాలనీ కూడా మునుగుతుంది. చౌక ఇంటి కోసం వచ్చినవారికీ, చేను నమ్ముకున్నవారికీ మధ్య తగవు ఇక్కడే మొదలవుతుంది. తప్పు ఇద్దరిదీ కాదు. నీటి దారి చూడకుండా గీసిన ప్లానుది.

అనుమతుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అనధికార లేఅవుట్లను క్రమబద్ధీకరించేందుకు ప్రభుత్వం 2020లో ఒకసారి, 2025లో మరోసారి పథకం తేవలసి వచ్చిందంటే అటువంటి ప్లాట్లు రాష్ట్రంలో ఎంతగా పెరిగాయో ఊహించవచ్చు. ఆ రుసుము చివరకు కొన్నవారి మీదే పడుతుంది. స్థిరాస్తి నియంత్రణ చట్టం 2016 ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో వేసే లేఅవుట్లు, ఎనిమిదికి మించిన ఫ్లాట్లున్న నిర్మాణాలు రెరాలో నమోదు కావాలి. కొనుగోలుదారుల నుంచి వసూలు చేసిన సొమ్ములో 70 శాతం ఆ నిర్మాణానికే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. బయానా ఇచ్చే ముందే రెరా నంబరు, లింకు దస్తావేజులు, ఈసీ, అడంగల్‌ చూసుకోవడం మేలు. రిజిస్ట్రేషన్‌ ఖర్చు అన్నీ కలిపి ఏడున్నర శాతం. 20 లక్షల ఆస్తికి అది లక్షన్నర.

వేసవిలో ఎండు.. వానల్లో ముంపు

పట్నంలో కుళాయి తిప్పే అలవాటుతో వచ్చేవారికి డెల్టా నీటి పద్ధతి కొత్తగా ఉంటుంది. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలకు నీరు నిలిపివేస్తారు. ఆలోగా ఊరి మంచినీటి చెరువులు నింపుకోవాలి. కాలువలు తిరిగి వదిలేదాకా ఆ నీరే ఆధారం. సముద్రం వైపు వెళ్లేకొద్దీ భూగర్భజలం ఉప్పగా మారే డెల్టాలో బోరు వేసుకుంటే చాలన్న భరోసా ఎక్కడా లేదు. కొత్తగా వంద కుటుంబాలు వచ్చి చేరినా చెరువు మాత్రం పాతదే. పంచాయతీ పాలకులు ఆలోచించవలసిన మొదటి విషయం ఇది.

వరద సంగతి సరేసరి. ధవళేశ్వరం వద్ద 11.75 అడుగులకు మొదటి, 13.75 అడుగులకు రెండో, 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కులు, 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ఈ పాయల గుండా సాగింది. ఏటిగట్టుకు నది వైపు ఉన్న స్థలానికీ, ఊరి వైపు ఉన్న స్థలానికీ తేడా కొత్తవారికి తెలియదు. ఊళ్లో పెద్దలను అడిగితే ఏ పుంతలో మోకాలి లోతు నీరు నిలిచిందో చెబుతారు. ఆ సమాచారం ఏ దస్తావేజులోనూ దొరకదు.

రాయితీ ఉందన్న మాట నిజమేనా?

ఇళ్ల ప్రకటనల్లో తరచూ వినిపించేది కేంద్ర రాయితీ. 2024లో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్‌ యోజన రెండో దశలో, ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు గృహరుణంపై గరిష్ఠంగా లక్షా 80 వేల రూపాయల వడ్డీ రాయితీ ఐదు వార్షిక వాయిదాల్లో అందుతుంది. ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు మించరాదు. అయితే రెండు షరతులు మరువరాదు. కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండరాదు. కొనే ఇల్లు పట్టణ పరిధిలోనో, నోటిఫై అయిన ప్రణాళికా ప్రాంతంలోనో ఉండాలి. గ్రామ పంచాయతీ పరిధిలో ప్లాటు చూసుకునేవారు తమ సర్వే నంబరు ఆ పరిధిలోకి వస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి. అమ్మేవారి మాట నమ్మి రాయితీని కలుపుకుని బడ్జెట్‌ వేసుకుంటే ఇబ్బందే.

కొల్లూరు చెప్పిన పాఠం

ఇల్లు దొరికితే చాలు, మనుషులు వెళ్లిపోతారన్న భావన ఎంత పొరపాటో హైదరాబాద్‌ శివారు కొల్లూరు చూపింది. 2023 జూన్‌ 22న అక్కడ 15,660 రెండు పడకగదుల ఇళ్ల సముదాయాన్ని తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించింది. కట్టడాలు బాగున్నాయి. అయినా నగరం నడిబొడ్డున పనులు చేసుకునే కుటుంబాల్లో పలువురు అంత దూరం వెళ్లడానికి వెనుకాడారు. పని, బడి, బస్సు మూడూ వెంట రాకపోవడమే కారణం. మన వద్ద పట్టణాల అంచున వెలిసిన టిడ్కో సముదాయాలకూ, ఊరి చివర పేదలకు సెంటున్నర చొప్పున పంచిన కాలనీలకూ ఇదే పరీక్ష. పెనుగొండ వంటి పాత ఊరికి ఉన్న బలం అక్కడే ఉంది. బజారు, ఆలయం, ఉన్నత పాఠశాల, డిగ్రీ కళాశాల ఇక్కడ ముందే ఉన్నాయి. ఊరికి దూరంగా చేల మధ్య ప్లాటు కొన్నవారికి మాత్రం ఆ బలం అక్కరకు రాదు.

ముందు తేల్చుకోవలసినవి

* ఇంట్లో సంపాదించేవారు ఎందరు, ఎవరెవరు ఏ పట్టణానికి, ఏ వేళకు వెళ్లాలి?
* రాత్రి ఎనిమిది దాటాక ఇంటికి చేరే మార్గం ఏది?
* స్థలం రోడ్డుకు ఎంత పల్లం? మెరక ఖర్చు ధరలో కలిసిందా?
* కాలువ కట్టిన నెలల్లో నీరు రోజుకు ఎంతసేపు వస్తోంది?
* కొనేముందు ఆరునెలలు అదే ఊళ్లో అద్దెకుండి చూడగలరా?

చివరి ప్రశ్నకు అవునని చెప్పగలిగిన కుటుంబం మిగతా నాలుగింటికీ జవాబు తనంతట తానే కనుగొంటుంది. ఒక వేసవి, ఒక వానాకాలం గడిస్తే ఊరు తన సంగతి తానే చెబుతుంది.

పాలకులు చేయవలసింది పెద్ద పథకమేమీ కాదు. సిద్ధాంతం కూడలికీ, తణుకు రైల్వేస్టేషనుకూ ఉదయం, రాత్రి వేళలకు తగినట్లు బస్సులు, లేఅవుట్‌ అనుమతికి ముందే మురుగు దారి తనిఖీ, పెరిగే జనాభాకు తగిన మంచినీటి చెరువు. ఈ మూడూ సమకూరితే పట్నంలో కొలువు, పెనుగొండలో కాపురం అన్న మాట మధ్యతరగతికి అందుబాటులోకి వస్తుంది. లేనిపక్షంలో చౌకగా కొన్న ఇంటికి మళ్లీ తాళం పడుతుంది, కిస్తీ మాత్రం నెలనెలా కట్టవలసి వస్తుంది.